బొట్టు పెట్టి పిలిచిన అక్వేరియం

ప్రయాణం 131వ ఏడు, శ్రావణం 4, మంగళవారం

చేసిన పనులు: కుళాయి జల్లెడ కడగడం, రెండుసార్లు. గాలి తెర దులపడం, ఒకసారి. బీరపాదుకు నీళ్ళు, గ్లాసున్నర. సోయా పాలు కాచి తోడుపెట్టడం. వీధిలో పేరంటాలు, రెండు. తెచ్చిన శనగలు రెండు దోసిళ్ళు, రేపటి కూరకు పనికొస్తాయి. మిగిలిపోయిన పని ఒకటి: వదినగారిని ఒప్పించడం.

ఈ చివరి పని నిన్నటిదాకా లేదు. పొద్దున వీధి దీపాలు పూర్తిగా వెలగకముందే వచ్చిపడింది.

నేను దోసెలు పోస్తున్నాను. మావారు నరహరి, మా అమ్మాయి కిన్నెర, మావారి అక్క త్రిపురాంబగారు పళ్ళేల ముందు కూర్చున్నారు. గోడలోని గొంతు ఒకసారి సవరించుకుంది. మంచి మాట చెప్పేటప్పుడే అది అలా చేస్తుంది. నీళ్ళ కోత సంగతైతే సవరించుకోకుండానే చెప్పేస్తుంది.

"బీరపందిరి వీధి, పదకొండో ఇల్లు. మీ కుటుంబానికి అక్వేరియం చూసే వంతు వచ్చింది. శ్రావణం పందొమ్మిది. ఇంట్లోవారందరూ హాజరు కావాలి. ఆ రోజు మీ ఇంటికి గాలి నిలిపివేయబడుతుంది."

దోసె మాడింది. నేను పెనం వైపు చూడలేదు. మాడిన దోసెలకు నా లెక్కలో వేరే పద్దు ఉంది, ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. ఈ రోజు అందులో ఒకటి వేశాను.

చుక్కల మధ్య సాగే మా గోస్తని ఓడలో అక్వేరియం అట్టడుగు వలయంలో ఉంది. మేం తాగే నీళ్ళూ వండే నీళ్ళూ అక్కడినుంచే పైకొస్తాయి. కుళాయి జల్లెడ కడిగేటప్పుడు అప్పుడప్పుడూ చిన్న పొలుసు ఒకటి వేలికి తగులుతుంది. గోరంత ఉంటుంది, వెండిలా మెరుస్తుంది. ఆ పొలుసు తొడుక్కుని తిరిగేది ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇంటికి పదకొండేళ్ళకోసారి వంతు వస్తుంది. నావాటిలో ఒకటి గవదబిళ్ళలకు పోయింది, ఒకటి నా పెళ్ళికి పోయింది, ఒకటి కిన్నెర పుట్టడానికి పోయింది. నాకు నలభయ్యారేళ్ళు. ప్రతి ఆదివారం మా అమ్మమ్మ చెప్పిన పద్ధతిలో చేపల పులుసు పెడతాను, అరటికాయ ముక్కలతో. ముక్క విరుగుతుంది కాబట్టి గరిటె పెట్టకూడదనీ, గిన్నె పట్టుకుని తిప్పాలనీ అమ్మమ్మ చెప్పింది. అరటికాయ విరగదు. అయినా గిన్నెనే తిప్పుతాను.

"ఎవరు పిలిచారే?" అన్నారు వదినగారు.

"అక్వేరియం వాళ్ళు వదినా."

"వాళ్ళెవరైనా ఇంటికొచ్చారా? నేను చూళ్ళేదే."

"గోడ చెప్పింది కదక్కా," అన్నారు మావారు.

"గోడ చెప్తే వెళ్ళిపోతామా? రేపు గుమ్మం పిలుస్తుంది, దాని వెనకాల కూడా వెళ్ళు! వంతంటే పిలుపుట్రా? బియ్యానికీ వంతొస్తుంది, సబ్బుకీ వంతొస్తుంది. బొట్టు పెట్టి పిలవని చోటికి నేను రాను. నేనీ ఇంటి ఆడపడుచుని."

కోపం పాతదే. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఒకసారి అక్వేరియానికి వెళ్ళారట. గుమ్మంలో రండి అన్న మనిషి లేడు, కూర్చోండి అన్న మనిషి లేడు. పైనుంచి ఒక గొంతు మాత్రం "కుడివైపు జరగండి, కుడివైపు జరగండి" అంటూనే ఉందట. అప్పటినుంచీ ఇప్పటిదాకా ఆవిడ ఏ విషయంలోనూ కుడివైపు జరిగినట్టు నేను చూడలేదు.

ఆవిణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళడానికి లేదు. మేం చూసి వచ్చే ఖర్చుకు బదులుగానే ఆ రోజు మా ఇంటి గాలి ఆపుతారు. ఎదురింట్లో కూర్చోబెడదామంటే వాళ్ళ గాలి వాళ్ళ తలలకే కొలిచి ఇస్తారు. వెళ్తే నలుగురం వెళ్ళాలి, లేదా వంతు పక్కింటికి పోతుంది.

శ్రావణం 6, గురువారం

పనులు: రోజువారీవి అన్నీ. అదనంగా కుంకుమ భరిణ రెండుసార్లు నింపడం.

మావారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు తరచుగా రావు, అందుకని ఆపలేదు. భరిణ పట్టుకుని బయటికి వెళ్ళి, తలుపు వేసి, బయటినుంచి కొట్టారు. వదినగారే తీశారు.

"నమస్కారమండీ. అక్వేరియం నుంచి వచ్చాను."

వదినగారు ఆయన్ని తలనుంచి పాదాలదాకా చూశారు. "రా నాయనా. అక్కడేం పని చేస్తుంటావు?"

"చేపల్ని... చూసుకుంటూ ఉంటానండీ."

"ఎన్నున్నాయేం?"

"చాలా ఉన్నాయండీ."

"లెక్క తెలీదన్నమాట. చిన్నప్పుడు మా తమ్ముడూ ఇంతే, ఎక్కాలు రాక గోడ దగ్గర నిలబడేవాడు. అదలా ఉంచు, పిలుపుకి మగాణ్ణి పంపారేం? మీ ఇంట్లో ఆడదిక్కు లేదా?"

"అక్కా, నేనే..."

"నువ్వని తెలుసులే. ఇంట్లోవాడు ఇంట్లోవాళ్ళని పిలవడమేమిట్రా, సిగ్గులేకపోతే సరి! మజ్జిగ తాగి వెళ్ళు."

ఆయన మజ్జిగ తాగారు. బయటికి వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉండాలన్నారావిడ, అందుకని కాసేపు వీధిలో తిరిగి వచ్చారు.

శ్రావణం 7, శుక్రవారం

పనులు: రోజువారీవి. కిన్నెరకు తల దువ్వడం మర్చిపోయాను, అదే దువ్వుకుంది.

పొద్దున పనయ్యాక అక్వేరియం కార్యాలయంతో మాట్లాడించమని గోడను అడిగాను. అవతలి గొంతు మా గోడ గొంతుకు పెద్దన్నలా ఉంది.

"ఇది ఫిర్యాదా, విన్నపమా, వైద్య కారణమా?"

"మూడూ కాదండీ. పిలుపు. మా వదినగారిని మీరు బొట్టు పెట్టి పిలవాలి."

"ఆ పేరుతో వర్గం లేదు."

"అయితే ఒకటి తెరవండి."

"బొట్టు అనగా ద్రవమా, ఘనమా?"

"పొడి. తడి వేలితో అద్ది పెడతాం."

"నుదుటిపై ఎంతసేపు ఉండాలి?"

"చెమట పట్టేదాకా ఉంటుంది."

"ప్రయోజనం?"

ఇది ఎవరూ నన్ను అడగలేదు. ఆలోచించి చెప్పాను. "పిలిచినట్టు గుర్తు."

"పిలిచినట్టు గుర్తు మా వద్ద నమోదై ఉంది."

"మీ దగ్గరుంటే సరిపోదండీ. ఆవిడ నుదుట ఉండాలి."

గొంతు చివరికి, పంపడానికి తమ దగ్గర మనుషులెవరూ లేరనీ, అద్దాలు తుడిచే యంత్రం ఒకటి ఉందనీ, చేయవలసిన విధానం వరుసగా రాసి ఇస్తే అది నేర్చుకుంటుందనీ చెప్పింది.

విధానం రాయడం నాకు కష్టం కాదు. ఈ ఇంట్లో ఊరగాయ జాడీ మూత తీయడానికి కూడా విధానం ఉంది, నేను రాసిందే. గుమ్మంలో ఆగాలి, లోపలికి పిలిచేదాకా అడుగు పెట్టకూడదు. పెద్దవాళ్ళతో మొదలుపెట్టాలి. బొట్టు పెట్టే ఒత్తిడి పాలమీద మీగడ చిరగనంత. ఎందుకు పిలుస్తున్నారో, ఎప్పుడో చెప్పాలి. ఇంటిల్లిపాదీ రావాలని అనాలి. వాళ్ళు ఒప్పుకునేదాకా మర్యాదగా అడగాలి.

ఆ చివరి ముక్క రాసినప్పుడు దాని బరువు నాకు తెలియలేదు.

శ్రావణం 10, సోమవారం

పనులు: రోజువారీవి. గుమ్మం ముందు ముగ్గు, మామూలుకన్నా పెద్దది. తర్వాత ముగ్గు మీద తడి తుడవడం.

వచ్చింది. నడుం ఎత్తున ఉంది. నున్నని అద్దానికి అతుక్కుని పాకే కాళ్ళు కావడంతో మామూలు నేల మీద చప్, చప్ అంటూ నడిచింది. ఒక చేతికి స్పాంజి, రెండో చేతికి పాకుడు గీకే రేకు. వీపు మీద ఏడు అంకె రాసి ఉండేసరికి వీధి చివరనుంచి మా గుమ్మం చేరేలోపే పిల్లలు దానికి ఏడుకొండలు అని పేరు పెట్టేశారు. ఒంటినుంచి ఒక వాసన వస్తోంది. తడి వాసన, సబ్బుది కాదు, మొక్కలదీ కాదు. నేను రెండుసార్లు పీల్చాను.

గుమ్మంలో ఆగింది. వదినగారు కొత్త చీర కట్టుకుని, ఏమీ తెలియనట్టు చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చున్నారు.

"ఎవరూ?"

"అక్వేరియం నుంచి వచ్చాము," అంది ఏడుకొండలు.

"రండి, రండి. గుమ్మంలోనే నిలబడిపోయారేం!"

లోపలికి వచ్చి స్పాంజిని కుంకుమలో అద్దింది. మీగడ చిరగనంత మెల్లగానే పెట్టింది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ స్పాంజి స్పాంజే. వదినగారి నుదుటి మీద అప్పడమంత బొట్టు తేలింది. నాకూ కిన్నెరకూ కూడా పెట్టి, నేను రాసిచ్చిన మాటలు అప్పగించింది.

"ఈ నెల పందొమ్మిదిన మా ఇంట్లో చేపలు. తమరు ఇంటిల్లిపాదీ వచ్చి చూసి వెళ్ళాలి."

వదినగారి మొహం చూడాలి. పెళ్ళివారు వెతుక్కుంటూ వచ్చినట్టుంది. చిక్కుళ్ళు పక్కన పెట్టి, చెంగు సర్దుకుని, తీరిగ్గా అన్నారు: "అలాగేలే. చూద్దాం."

ఏడుకొండలు కదల్లేదు. "నిర్ణయం?"

"చూద్దామన్నానుగా నాయనా. వీలు చూసుకోవాలి కదా."

"నిర్ణయం లేదు," అని నమోదు చేసుకుని, చప్ చప్ అంటూ వెళ్ళిపోయింది.

"ఎంత మర్యాదస్తుడో చూశావా హైమా," అన్నారు వదినగారు. సాయంత్రందాకా మొహం కడుక్కోలేదు.

శ్రావణం 11, మంగళవారం

పనులు: రోజువారీవి. కుంకుమ, మళ్ళీ ఒక భరిణ.

పొద్దున వచ్చింది. బొట్టు పెట్టింది. ఆవిడ చూద్దామన్నారు. మధ్యాహ్నం వచ్చింది, బొట్టు పెట్టింది, చూద్దామన్నారు. దీపాలు తగ్గించే వేళకు మళ్ళీ వచ్చింది.

"వదినా, వస్తానని ఒక్క మాట అనేయండి. అది పాపం నేను రాసిందే పాటిస్తోంది. ఒప్పుకునేదాకా అడుగుతుంది."

"పిలవగానే వస్తానంటే ఎంత ఆత్రం అనుకోరూ! రెండుమూడుసార్లు అడిగించుకుంటేనే గౌరవం."

"మూడుసార్లు అయింది వదినా."

"ఒకే రోజు మూడుసార్లు అడిగితే ఒకటి కిందే లెక్క."

శ్రావణం 14, శుక్రవారం

పనులు: రోజువారీవి. ఎదురింటివాళ్ళకు సంజాయిషీ చెప్పడం, ఒకసారి.

ఎదురింటి జలజాక్షిగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చారు. మా వీధిలో వరసగా నాలుగిళ్ళకు ఒకే రోజు వంతు. వాళ్ళదీ పందొమ్మిదే.

"ఏవండీ హైమవతిగారూ, మీకేమో అప్పడమంత బొట్టెట్టి పూటకోసారి పిలుత్తన్నారు, మాకేమో గోడ చెప్పుద్దా? మేవేం తక్కువ తిన్నావండీ?"

"అయ్యో, మా వదినగారి కోసం నేనే అడిగానండీ."

"ఆయ్, మేవూ అడిగేవండి. మన వీధంతా అడిగింది. పక్క వలయంలో కూడా అడిగేరంట."

అడిగినవాళ్ళందరి దగ్గరికీ ఏడుకొండలు వెళ్తోందట. అందరికీ బొట్టు పెడుతోందట. మీరేమన్నారని జలజాక్షిగారిని అడిగాను.

"ఏవంటానండీ? వెంటనే వత్తానంటే బాగుంటదేటి? సూద్దారి అన్నాను."

ఈ ఓడలో పిలవగానే వస్తామనే ఇల్లు ఒక్కటి కూడా లేదు.

శ్రావణం 16, ఆదివారం

పనులు: రోజువారీవి. చేపల పులుసు. వడ్డించేటప్పుడు గిన్నె చేయి జారింది, ముక్కలు విరగలేదు.

నాలుగో ఇంటి సోమయాజులు మాస్టారు నిన్న అక్వేరియం చూసి వచ్చారు. ఆయనకు బొట్టు పిలుపు అక్కర్లేదు, గోడ మాటే చాలనుకునే మనిషి. కుళాయి దగ్గర కనిపిస్తే అడిగాను.

"ఏం చూశారు మాస్టారూ?"

"ఆకుపచ్చ."

"ఇంకా?"

"ముదురాకుపచ్చ." కాస్త ఆలోచించారు. "ఒకచోట ఏదో కదిలింది. మా ఆవిడ నీడేమోనని అనుమానం."

ఇంటికి రాగానే కార్యాలయాన్ని పిలిచాను. మనుషులు తిరిగే వైపు పెద్ద అద్దాన్ని తుడిచేది ఏడుకొండలు ఒక్కటేనట. రోజంతా అది పిలుపుల్లో ఉంది. అద్దం లోపలివైపు పాకుడు పట్టేసింది.

"పిలుపులు ఆపించండి, దయచేసి."

"పని మధ్యలో ఆపే అనుమతి లేదు. రెండు వందల పై చిలుకు ఇళ్ళు 'నిర్ణయం లేదు' స్థితిలో ఉన్నాయి. ఒప్పుకునేదాకా మర్యాదగా అడగాలి. విధానం తమరిదే."

నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. గొంతుకు అర్థమయ్యేట్టు రాశాను: నవ్వుతూ చూద్దామంటే వస్తారు. పక్కకు చూస్తూ చూద్దామంటే రారు. తప్పకుండా వస్తామని గట్టిగా అంటే అసలు రారు. అయ్యో, ఎందుకండీ శ్రమ అంటే చీర తీసి పెట్టుకున్నారని అర్థం. పిల్లలకు పరీక్షలున్నాయంటే పిల్లలు లేకపోయినా రారు. మావారిని అడిగి చెప్తానంటే ఆయన్ని అడగరు, వాళ్ళే నిర్ణయించేశారు.

గొంతు అంతా విని, "ఈ పట్టిక పరిశీలనకు మూడు వారాలు పడుతుంది," అంది.

మూడు వారాలు. మాకున్నవి మూడు రోజులు.

శ్రావణం 18, మంగళవారం

పనులు: పులిహోర కలపడం. నీళ్ళ సీసాలు నాలుగు. గాలి ఆపే ముందు బీరపాదు మీద తడిగుడ్డ కప్పాలని గోడకు కాగితం అంటించడం. మంగళవారం పేరంటానికి వెళ్ళలేదు.

మధ్యాహ్నం వదినగారు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"ఏమే, మొహం అలా ఉంది?"

"ఏం లేదు వదినా. అద్దం పాకుడు పట్టిందట. మీరు ఇంకా వస్తానని అనలేదు. వెళ్తామో లేదో, వెళ్తే కనిపిస్తుందో లేదో."

"కనిపించకపోతే పోయింది. చేపే కదా. నోరు తెరుస్తుంది, మూస్తుంది. అంతకన్నా ఏం చేస్తుంది?"

"అది కూడా నాకు తెలీదు వదినా. నేను చూళ్ళేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

ఆవిడ లెక్కపెడుతున్నట్టు వేళ్ళు మడిచారు. పెళ్ళి దగ్గర ఒక వేలు, కిన్నెర దగ్గర ఒక వేలు. తర్వాత పీట గుమ్మం వైపు జరుపుకుని కూర్చున్నారు.

చప్ చప్ మని చప్పుడైంది. ఏడుకొండలు గుమ్మంలో ఆగింది. స్పాంజి కుంకుమతో ఎర్రబడి, అసలు రంగేమిటో తెలియకుండా పోయింది.

"రేపు మా ఇంట్లో చేపలు. తమరు ఇంటిల్లిపాదీ..."

"వస్తున్నాం," అన్నారు వదినగారు. "అందరం వస్తున్నాం. ఇక పో నాయనా, వెళ్ళి నీ పని చూసుకో."

అది నమోదు చేసుకుంది. వెళ్ళి పని చూసుకోలేదు. ఎదురింటికి వెళ్ళింది. జలజాక్షిగారి గొంతు వినిపించింది: "సూద్దారండి."

శ్రావణం 19, బుధవారం

పనులు: వెళ్ళేముందు కుళాయి కట్టేయడం, దీపాలు ఆర్పడం, పాదు కప్పడం. మిగతావి కింద రాస్తాను. ఈ రోజు పనులు ఇంట్లో చేసినవి కావు.

నాలుగిళ్ళవాళ్ళం ఒకే లిఫ్టులో దిగాం. దిగేకొద్దీ ఒళ్ళు బరువెక్కింది, చెవులు మూసుకుపోయాయి. తలుపు తెరుచుకుంది. ఎదురుగా అద్దం. పక్కకు చూస్తే అంతు లేదు, పైకి చూస్తే మా వీధి ఇళ్ళు మూడు నిలబెట్టినంత ఎత్తు. అంతా పచ్చగా ఉంది. మాస్టారు ఒక్క అక్షరం కూడా అబద్ధం చెప్పలేదు.

కిన్నెర అద్దానికి ముక్కు ఆనించి చూసింది. "అమ్మా, చేప లోపల ఉందా?"

"ఉంటుంది."

"ఎలా తెలుసు?"

జల్లెడలో పొలుసులు వస్తాయి కదా అనబోయి ఊరుకున్నాను. మళ్ళీ వంతుకు దానికి ఇరవై రెండేళ్ళుంటాయి. నాకు ఎన్నుంటాయో కూడా లెక్క వేశాను. అది ఇక్కడ రాయను.

పైనుంచి గొంతు వినిపించింది. "దయచేసి కుడివైపు జరగండి."

వదినగారు ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకున్నారు. "ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచి, రండి అనకుండా జరగమంటావా? ఇదేనా మర్యాద?"

"రండి," అంది. "కుడివైపు జరగండి."

"అద్దం ఎందుకు తుడవలేదు?"

"తుడిచే యంత్రం పిలుపులకు వెళ్ళింది."

"పెళ్ళివారింట్లో వంటవాళ్ళు రాకపోతే ఏం చేస్తామే జలజాక్షీ? విస్తళ్ళు చూస్తూ కూర్చుంటామా?"

"అదేం మాటండీ! కొంగు దోపి మనవే ఎక్కుతాం పొయ్యి దగ్గరికి."

"ఎక్కుదాం. గీకే కర్రలు ఎక్కడున్నాయి?"

"సందర్శకులు పరికరాలను తాకరాదు," అంది గొంతు.

"మేం సందర్శకులం కాదు. పిలిస్తే వచ్చినవాళ్ళం."

గొంతు తన వర్గాల్లో వెతుక్కుంది. "బొట్టు పెట్టి పిలవగా వచ్చినవారు. ఈ వర్గానికి నిబంధనలు లేవు. విధానం రాసినవారు హాజరులో ఉన్నారు. పిలవగా వచ్చినవారి హోదా తెలపగలరు."

అందరూ నా వైపు తిరిగారు. పదిమంది ముందు మాట్లాడ్డం నాకు అలవాటు లేదు. కానీ అడిగింది విధానం గురించి.

"పిలిస్తే వచ్చినవాళ్ళు ఇంట్లోవాళ్ళతో సమానం," అన్నాను.

"ఇంట్లోవాళ్ళు అనగా, ఇక్కడ పనిచేసేవాళ్ళు."

"అంతేనండీ. పేరంటమైనా పెళ్ళైనా, పిలిస్తే వచ్చినవాళ్ళు పని చెయ్యకుండా తినేసి వెళ్ళడం మాలో లేదు."

కుడివైపు గోడలో చిన్న తలుపు తెరుచుకుంది. లోపల మెట్లు. వదినగారు మొట్టమొదటిసారి కుడివైపు జరిగారు.

మెట్లెక్కితే పైన నీళ్ళ అంచున సన్నని నడవ. పొడుగాటి కర్రలు, చివర రేకులు. అద్దానికి లోపలివైపు నీళ్ళలోకి దించి గీకాలి. పని పంచే బాధ్యత నేను తీసుకున్నాను. పంచకపోతే అందరూ ఒకేచోట గీకుతారు. మగవాళ్ళకు పొడుగు కర్రలు, అడుగుదాకా. ఆడవాళ్ళకు మధ్య భాగం. పిల్లలు కింద నిలబడి ఎక్కడ పచ్చదనం మిగిలిందో అరవాలి. జలజాక్షిగారు పాట ఎత్తుకున్నారు, ఎక్కడా ఆగకుండా. వదినగారు కర్ర పట్టలేదు. ఇటునుంచి అటు తిరుగుతూ అందరి పనికీ వంకలు పెట్టారు. ఆడపడుచు పని అదే, లోటు లేకుండా చేశారు.

"నరహరీ, అది గీకడమా, గోకడమా? అద్దానికి దురదనుకున్నావా?"

"భుజం లాగేస్తోందక్కా."

"పులుసు తినేటప్పుడు లాగదు!"

చాలాసేపు గీకాం. పాకుడు ముద్దలుగా విడిపోయి నీళ్ళమీద తేలింది. చేతులు మోచేతులదాకా తడిశాయి. అంత నీళ్ళలో చేతులు పెట్టడం నాకదే మొదలు. ఇంట్లో గ్లాసులతో కొలిచే మనిషిని. కాసేపు లెక్క మరిచిపోయి చేతులు అలాగే ఉంచేశాను.

కిందినుంచి కిన్నెర కేకేసింది. "అమ్మా! నీ ముక్కలోనే! దిగు, దిగు!"

కర్ర ఎవరికిచ్చానో గుర్తులేదు. మెట్లు దిగి వచ్చాను. నేను గీకిన మేర అద్దం మీద నిలువునా ఒక చార తేటగా ఉంది, తలుపంత వెడల్పు. ఆ చారలో అది నిలబడి ఉంది. పైనుంచి రాలుతున్న పాకుడు తింటోంది. నేననుకున్నంత చిన్నది కాదు, కిన్నెరంత ఉంది. ఒంటినిండా నా జల్లెడలో తగిలే పొలుసులే, ఒకదాని మీద ఒకటి, ఇంటి పెంకుల్లా పేర్చినట్టు. ఎవరో చాలా ఓపికగా చేసిన పని. నేను దగ్గరికి వెళ్ళాను. అది నా వైపు తిరిగింది. నోరు తెరిచింది, మూసింది, తెరిచింది.

వదినగారు ఎప్పుడు దిగి వచ్చారో, నా పక్కన ఉన్నారు.

"చెప్పానా, అంతకన్నా ఏం చెయ్యదు," అన్నారు. గొంతు మాత్రం మెల్లగా ఉంది.

"చాలు వదినా."

వెనకనుంచి మావారు తడిసిన చొక్కాతో వచ్చి చాలాసేపు చూశారు. "హైమా," అన్నారు, "ఇది మన గిన్నెలో పట్టదు."

"గరిటె పెట్టకుండా తిప్పడం కూడా కుదరదు," అన్నాను. ఎందుకో ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కిన్నెర మమ్మల్ని చూసి సిగ్గుపడి దూరంగా జరిగింది.

తర్వాత ఇంకా వచ్చాయి. చారలు వెడల్పయినకొద్దీ వచ్చాయి. సన్నవి గుంపులుగా, పచ్చటివి జంటగా, ఒకటేమో అడుగున బద్ధకంగా. చూడవలసినవి ఇంటి దగ్గరే జాబితా రాసుకున్నాను, రెప్పలుంటాయా, నిద్రపోతాయా అని. తీసి చూడలేదు. పులిహోర నడవ మీదే కూర్చుని తిన్నాం. మెతుకు కింద పడకుండా వదినగారు కాపలా కాశారు.

బయల్దేరే వేళకు ఏడుకొండలు ఎక్కణ్ణుంచో చప్ చప్ మంటూ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. పిలిస్తే వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపడం ఎక్కడి ఆచారమని వదినగారు దానికి చీవాట్లు పెట్టి, ఏం ఇవ్వాలో, ఏమనాలో చెప్పారు. అది వెళ్ళి మేం గీకిన పాకుడునే పిండి, ముద్దలు చేసి తెచ్చింది. పాదులకు అంతకన్నా ఎరువు లేదు.

"ఇస్తినమ్మ వాయనం," అంది ఏడుకొండలు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నారు వదినగారు. చెంగు పట్టి, తడి ముద్దను కొత్త చీరలోకే తీసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి గాలి తిరిగి వదిలారు. చీర నానబెట్టాను, మరక పోదనుకుంటాను.

ఈ రోజు పద్దు: అక్వేరియం వారి పిలుపు ఒకటి, వెళ్ళివచ్చాం. వాళ్ళ అద్దం పని, చేసిపెట్టాం. వాయనం ముద్దలు నాలుగు, పుచ్చుకున్నాం. ఓడ నాకు పడ్డ బాకీ, చేప ఒకటి. ముట్టింది. చెల్లు.